చలికాలపు పండగలకి కానుకలు ఎందుకిస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబరు రాగానే ఆఫీసులో సీక్రెట్ శాంటా చీటీలు, స్కూల్లో ఎర్ర టోపీలు, మాల్స్‌లో దూదితో చేసిన మంచు. ఇదంతా ఎక్కడ పుట్టిందని పిల్లలు అడిగితే చాలామంది పెద్దవాళ్ల దగ్గర సగం జవాబే ఉంటుంది, అదీ వాట్సాప్‌లో వచ్చిందే అయ్యుంటుంది. ఈ ఆచారం పెరిగింది రోమ్‌లో, యూరప్‌లో, అమెరికాలో కాబట్టి ఇక్కడి జవాబులు ఎక్కువగా అక్కడివే. చదివేటప్పుడు ఒక్క విషయం గమనిస్తూ ఉండండి: ఏ కాలంలో ఎవరు ఎవరికి ఇచ్చారు? ఇచ్చిన వస్తువు సంగతి తర్వాత. చేతులు మారిన తీరులోనే అసలు కథంతా ఉంది.

కానుకలకి చలికాలమే ఎందుకు దొరికింది?

యూరప్‌లో నవంబరు కల్లా పంట గాదెలో చేరిపోతుంది. చలికాలమంతా మేపడానికి గడ్డి సరిపోదు కాబట్టి పాలిచ్చేవాటిని, దున్నేవాటిని ఉంచుకుని మిగతా పశువుల్ని కోసేసేవాళ్లు. ఏడాదిలో తాజా మాంసం దండిగా దొరికేది అప్పుడే. ఆ ఏడు పిండిన ద్రాక్షసారా, కాచిన బీరు కూడా తాగడానికి సిద్ధమయ్యేవి. పొలం గడ్డకట్టి ఉంటుంది, చేసే పని ఉండదు. రాత్రి చూస్తే ఎంతకీ తెల్లారదు. డిసెంబరు 21 ప్రాంతంలో హైదరాబాద్‌లో పగలు సుమారు 11 గంటలు ఉంటే, లండన్‌లో 8 గంటలు కూడా ఉండదు.

ఇంట్లో తిండి ఉంది, చేతికి పని లేదు, ముందు గడ్డు నెలలున్నాయి. అలాంటప్పుడు లేనివాడు ఉన్నవాడి తలుపు తట్టకుండా ఉండడు. ఉన్నవాడికి కూడా నలుగురితో మంచిగా ఉండాల్సిన అవసరం అప్పుడే ఎక్కువ. ఆ తర్వాత దేవుళ్లు మారారు, పండగల పేర్లు మారాయి, ఋతువు మాత్రం అదే.

మొట్టమొదట మొదలుపెట్టింది రోమన్లేనా?

ఫలానా వాళ్లే మొదలుపెట్టారని తేల్చడం కుదరదు. వివరంగా రాసిపెట్టినవాళ్లు మాత్రం రోమన్లే. వాళ్ల వ్యవసాయ దేవుడు సాటర్న్ పేరున డిసెంబరు 17న సాటర్నేలియా మొదలయ్యేది. మొదట్లో ఒక్కరోజే, తర్వాత జనం దాన్ని వారం దాకా లాగారు. కోర్టులు మూసేసేవాళ్లు. మామూలు రోజుల్లో చట్టం ఒప్పుకోని జూదం కూడా అప్పుడు ఆడుకోవచ్చు. బానిసలు యజమానులతో సమానంగా కూర్చుని భోంచేసేవాళ్లు, కొన్ని ఇళ్లలో యజమానే వడ్డించేవాడు. వారం గడిస్తే మళ్లీ ఎవరి చోటు వాళ్లదే అనుకోండి.

ఇచ్చుకునేవి ఎక్కువగా చిన్న వస్తువులు: మైనపు ఒత్తులు, మట్టితోనో మైనంతోనో చేసిన చిన్న బొమ్మలు. ఈ బొమ్మలు అమ్మడానికి ప్రత్యేకంగా అంగళ్లు వెలిసేవి. 1వ శతాబ్దం చివర్లో మార్షల్ అనే కవి, కానుకతో పాటు జత చేసి పంపడానికి పనికొచ్చేలా రెండేసి పంక్తుల పద్యాలు వందల కొద్దీ రాశాడు. అవి చదివితే ఆ కాలపు బజారు కళ్లకి కడుతుంది. పళ్లు కుట్టుకునే పుల్ల, దువ్వెన, స్పాంజి, పాచికలు, సాసేజి, చిలక, అన్నీ ఉన్నాయి. ధనవంతుడు ఇచ్చేది ఒకటి, పేదవాడు ఇచ్చేది ఒకటి, ఇలా జతలుగా పేర్చాడు.

ఆయనదే ఇంకో పద్యం ఉంది. తనని ఆదరించే ఒక పెద్దమనిషిని అందులో నవ్వుతూనే దులిపేస్తాడు. మొదటి ఏడు చలికాలంలో నాలుగు పౌన్ల వెండి పంపావు (మన లెక్కలో కిలోంబావు పైనే). రెండో ఏడు ఇంకా ఎక్కువ వస్తుందనుకుంటే సగమే వచ్చింది. అలా తగ్గుతూ తగ్గుతూ తొమ్మిదో ఏడు సూది కన్నా తేలికైన చెంచా వచ్చింది. పదో ఏడు ఇంక పంపడానికేం మిగల్లేదు కాబట్టి మళ్లీ నాలుగు పౌన్ల దగ్గర్నుంచి మొదలుపెట్టు, అంటాడు. పెద్దవాడు ఇచ్చేదాని బరువుని బట్టే అతని దగ్గర చిన్నవాడి పలుకుబడి తెలిసిపోయేది. అందుకే ఆ లెక్క అంత గుర్తు.

జనవరి 1 కానుకలు వేరా?

వేరే. సాటర్నేలియా అయిపోయిన వారానికే రోమన్ల కొత్త సంవత్సరం. ఏడాదంతా తియ్యగా సాగాలని ఆ రోజు ఖర్జూరాలు, అత్తిపళ్లు, తేనె ఇచ్చుకునేవాళ్లు. రాను రాను డబ్బులూ చేరాయి. ఈ కానుకలు చక్రవర్తికి కూడా ఇవ్వాలి. కాలిగులా చక్రవర్తికి కూతురు పుట్టాక ఖర్చులు పెరిగాయని ఏడ్చి, కొత్త సంవత్సరం కానుకలు తీసుకుంటానని చాటింపు వేయించాడట. జనవరి 1న స్వయంగా ఇంటి ముందు నిలబడి జనం తెచ్చిన నాణేలు అందుకున్నాడని రోమన్ చరిత్రకారులు రాశారు.

క్రైస్తవ మతం వచ్చాక కూడా ఈ జనవరి కానుకలు పోలేదు. 400వ సంవత్సరంలో, ఇప్పటి టర్కీలో ఉన్న అమాసియా బిషప్ ఆస్టేరియస్ ఈ పండగని తిడుతూ ప్రసంగమే చేశాడు. అందరూ ఏదో ఆశించే ఇస్తున్నారు, పిల్లలు కూడా గడప గడపకీ తిరిగి చిన్న వస్తువు చేతిలో పెట్టి రెట్టింపు అడుగుతున్నారు, ఇదేం పండగ అని. పండగలో డబ్బు యావ పెరిగిపోయిందన్న ఫిర్యాదు ఈనాటిది కాదు. ఫ్రాన్సులో జనవరి 1 కానుకలు ఇప్పటికీ ఉన్నాయి. అపార్ట్‌మెంట్ కాపలా మనిషికి డబ్బులిస్తారు. పోస్ట్‌మ్యాన్ క్యాలెండర్ తెచ్చిస్తే తోచినంత చేతిలో పెడతారు.

సాటర్నేలియాకే పేరు మార్చి క్రిస్మస్ అన్నారా?

ప్రతి డిసెంబరులో తిరిగే వాట్సాప్ మెసేజ్ ఇది. అంత సూటిగా జరగలేదు. డిసెంబరు 25న యేసు జన్మదినం అని రోమ్‌లో 4వ శతాబ్దపు క్యాలెండర్‌లో కనిపిస్తుంది. అప్పటి నుంచి వెయ్యేళ్లకి పైగా క్రైస్తవ యూరప్‌లో కానుకల రోజులు ముఖ్యంగా డిసెంబరు 6, జనవరి 1, కొన్నిచోట్ల జనవరి 6. డిసెంబరు 25 ప్రధానంగా చర్చికి వెళ్లి, విందు చేసుకునే రోజు. సాటర్నేలియా కానుకలే నేరుగా క్రిస్మస్ కానుకలయితే ఇంత ఆలస్యం ఎందుకవుతుంది? విందు, సందడి, పెద్దాచిన్నా తేడాలు తారుమారు చేసే సరదాలు మాత్రం ఒక పండగ నుంచి ఇంకో పండగకి పాకాయి. శాంతాక్లాజ్ నిజానికి ఉత్తర యూరప్ వాళ్ల పాత దేవుడు ఓడినే అనే కథకి ఈపాటి ఆధారం కూడా లేదు.

ముగ్గురు జ్ఞానులు ఇచ్చిన కానుకల వల్లే ఈ ఆచారం వచ్చిందా?

చర్చిలో చెప్పే కారణం అదే, దాని బలం దానికుంది. మత్తయి సువార్త 2వ అధ్యాయంలో తూర్పు దేశపు జ్ఞానులు వచ్చి బంగారం, సాంబ్రాణి, బోళం సమర్పిస్తారు. ముగ్గురని అక్కడ లేదు, మూడు కానుకలు కాబట్టి ముగ్గురనుకున్నారు. రాజులనీ లేదు. పశువుల పాక కూడా ఆ ఘట్టంలో లేదు, "ఇల్లు" అనే ఉంది. మన ఊళ్లలో క్రిస్మస్ నాటకం వేసేటప్పుడు గొర్రెల కాపరుల్ని, జ్ఞానుల్ని ఒకే రాత్రి ఒకే పాకలోకి తెచ్చేస్తారు. స్టేజీ సౌకర్యం కోసం అది తప్పదు.

బోళం అంటే శవాలకి పూసే సుగంధ ద్రవ్యాల్లో వాడే బంక. చంటిబిడ్డకి అది ఇవ్వడంలో అతని మరణం సూచన ఉందని వ్యాఖ్యానం చెబుతారు. సాంబ్రాణి ఒమన్, సోమాలియా వైపు పెరిగే చెట్ల బంక. మన కిరాణా కొట్లో కొని చంటిపిల్లల తలకి పొగ వేసే సాంబ్రాణి ఎక్కువగా వేరే చెట్టుది.

ఈ కథని పట్టుకుని స్పెయిన్‌లో, దక్షిణ అమెరికాలో చాలా దేశాల్లో పిల్లలకి కానుకలు తెచ్చేది జ్ఞానులే. జనవరి 5 సాయంత్రం ఊరేగింపులో వస్తారు, 6 పొద్దున్న పిల్లల బూట్ల పక్కన కానుకలుంటాయి. కానీ కథలో ఇచ్చింది పెద్దవాళ్లు ఒక బిడ్డకి, అదీ రాజుకి చెల్లించినట్టు. కింది నుంచి పైకి వెళ్లిన కానుక అది.

సెయింట్ నికొలస్ ఎవరు? ఆయనకీ కానుకలకీ ఏం సంబంధం?

4వ శతాబ్దంలో మైరా అనే ఊరి బిషప్. ఆ ఊరు ఇప్పటి టర్కీ దక్షిణ తీరంలో ఉంది, పేరు డెమ్రే. ఆయన గురించి అప్పటి రాతలు దాదాపు లేవు. కథలన్నీ శతాబ్దాల తర్వాత రాసుకున్నవి. వాటిలో ఒకటి మనవాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, ఎందుకంటే అది కట్నం కథ.

బాగా బతికి చితికిపోయిన ఒకాయనకి ముగ్గురు కూతుళ్లు. కట్నం ఇవ్వలేడు కాబట్టి పెళ్లిళ్లు కావు. పెళ్లిళ్లు కాకపోతే వాళ్లని వేశ్యావాటికకి అమ్ముకోవడం తప్ప దారిలేని స్థితి. సంగతి విన్న నికొలస్ ఒక రాత్రి వాళ్ల కిటికీలోంచి బంగారు నాణేల మూట విసిరి వెళ్లిపోయాడు. పెద్దమ్మాయి పెళ్లి అయింది. ఇంకో రాత్రి ఇంకో మూట, రెండో పెళ్లి. మూడోసారి ఎవరో చూడాలని తండ్రి నిద్రపోకుండా కాపు కాశాడు. మూట పడగానే పరిగెత్తి పట్టుకున్నాడు. నేను బతికుండగా ఎవరికీ చెప్పొద్దని నికొలస్ మాట తీసుకున్నాడు. తర్వాత తర్వాత చెప్పినవాళ్లు కిటికీని పొగగొట్టం చేశారు, మూటని ఆరేసిన మేజోడులో పడేశారు. మేజోళ్లు వేలాడదీసే ఆచారానికి చెప్పే కథ ఇదే.

1087లో ఇటలీ నావికులు ఆయన అస్థికల్ని మైరా నుంచి బారి రేవుకి ఎత్తుకెళ్లారు. దాంతో పశ్చిమ యూరప్‌లో ఆయన పేరు మారుమోగింది. ఆయన పండగ డిసెంబరు 6. నెదర్లాండ్స్‌లో ముందురోజు, అంటే 5 సాయంత్రం చేస్తారు. ఆయన నవంబరు మధ్యలో స్పెయిన్ నుంచి ఆవిరి ఓడలో వస్తాడని పిల్లలకి చెబుతారు. బూటులో ఆయన గుర్రానికి క్యారెట్టు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి మిఠాయి ఉంటుంది.

ఇచ్చేవాడు రాత్రిపూట, కనపడకుండా రావడం దేనికి?

ఈ ఆచారంలో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా కనిపించేది ఇదే.

మార్సెల్ మోస్ అనే ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త 1925లో కానుక మీద ఒక పెద్ద వ్యాసం ప్రచురించాడు. కానుక పైకి స్వేచ్ఛగా కనిపించినా దానిలో మూడు కట్టుబాట్లు ఉంటాయన్నాడు: ఇవ్వాలి, తీసుకోవాలి, తిరిగి ఇవ్వాలి. మన పెళ్లిళ్లలో చదివింపులు రాసే పుస్తకం చూసినవాళ్లకి ఇందులో కొత్తేం లేదు. ఎవరు ఎంత చదివించారో రాసుకుని, వాళ్లింట్లో శుభకార్యానికి ఆ పుస్తకం తీసి చూసి, దాని మీద ఇంకొంత వేసి ఇస్తాం. తగ్గిస్తే మాటొస్తుంది, మరీ ఎక్కువిస్తే అవతలివాళ్లకి భారం.

నికొలస్ ఆ పుస్తకంలో పేరు రాయించుకోకుండా తప్పుకున్నాడు. ఎవరిచ్చారో తెలియకపోతే రుణం లేదు, తలవంచుకోవడం లేదు. శాంతాక్లాజ్ కూడా అందుకే పనికొస్తాడు. అమ్మానాన్నలు కొన్న సైకిల్‌ని ఆయన పేరు మీద పెట్టేస్తే పిల్లలు ఎవరికీ బాకీ పడరు. రెండు పాలగ్లాసులు, నాలుగు బిస్కెట్లు బయట పెడితే లెక్క సరి.

డిసెంబరు 6 నుంచి 25కి ఎలా మారింది?

16వ శతాబ్దపు మత సంస్కరణ వల్ల. సెయింట్లని కొలవడం ఆ సంస్కరణ మొదలుపెట్టిన జర్మన్ మతగురువు మార్టిన్ లూథర్‌కి, ఆయన వర్గానికి ఇష్టం లేదు. పిల్లలకి కానుకలు ఆపడమా, కుదరదు. అందుకని ఇచ్చేవాడిని మార్చేశారు: నికొలస్ బదులు బాలయేసు తెస్తాడు, ఆయన పుట్టినరోజునే తెస్తాడు. జర్మన్లు క్రిస్ట్‌కిండ్ అంటారు. ఇంతా చేస్తే లూథర్ ఇంట్లోనే 1530లలో కూడా నికొలస్ పండగకి కానుకలు పంచినట్టు ఆయన ఇంటి ఖర్చుల లెక్కల్లో ఉంది. పిల్లలున్న ఇల్లు మరి. తమాషా ఏమిటంటే ఇప్పుడు బాలయేసు కానుకలు తెచ్చేది ఎక్కువగా కేథలిక్కుల ఆస్ట్రియా, బవేరియాల్లో. ప్రొటెస్టెంట్ ఉత్తర జర్మనీలో క్రిస్మస్ తాత వస్తాడు.

ఇంగ్లండులో ఎలా ఉండేది?

పైవాళ్లకి కిందివాళ్లు ఇచ్చేవాళ్లు, ఆ వెంటనే కిందివాళ్లు పైవాళ్ల తలుపు తట్టి పుచ్చుకునేవాళ్లు. రెండూ ఉండేవి.

రాజుకి కానుకలు జనవరి 1న. అది పండగ కన్నా రాజకీయం ఎక్కువ. 1532 కొత్త సంవత్సరానికి ఎనిమిదో హెన్రీకి భార్య కేథరిన్ బంగారు గిన్నె పంపితే తీసుకోకుండా వెనక్కి పంపాడు. తను పెళ్లాడాలనుకుంటున్న ఆన్ బొలీన్ పంపిన అడవిపంది వేట బల్లేలు మాత్రం పుచ్చుకున్నాడు. రాణి పని అయిపోయిందని ఆస్థానమంతటికీ ఆ ఒక్క గిన్నెతో తెలిసిపోయింది. మొదటి ఎలిజబెత్ కాలంలో ఎవరేమిచ్చారో, బదులుగా రాణి ఎంత బరువు వెండి పాత్రలిచ్చిందో పెద్ద పెద్ద చుట్టల్లో రాసి పెట్టారు. అందులో ప్రభువుల బంగారు నాణేలు ఉన్నాయి, వంటవాడు చేసిన "పై" అనే పళ్ల పిండివంట ఉంది, చెత్త తీసే పనివాడు ఇచ్చిన రెండు తానుల నారగుడ్డ కూడా ఉంది. ఆ పనివాడు అది కొనడానికి ఎవరి దగ్గర అప్పు చేశాడో!

పల్లెల్లో వేరే. చలికాలపు రాత్రుళ్లు కూలి జనం పాటలు పాడుకుంటూ భూస్వామి ఇంటికి వెళ్లి మంచి బీరు, తిండి అడిగేవాళ్లు. ఇస్తే దీవెన, ఇవ్వకపోతే బెదిరింపు, రెండూ పాటలోనే ఉండేవి. ఈ తాగుడు, అల్లరి కూడా కారణమై ప్యూరిటన్లకి (మతంలో కఠినంగా ఉండే ప్రొటెస్టెంట్లకి) క్రిస్మస్ మీద ఒళ్లు మండింది. 1647లో ఇంగ్లండు పార్లమెంటు ఆ పండగనే రద్దు చేసింది. అమెరికాలో మసాచుసెట్స్ కాలనీ 1659లో క్రిస్మస్ చేసుకునేవాళ్లకి 5 షిల్లింగుల జరిమానా పెట్టి 1681లో తీసేసింది. స్కాట్లండులో డిసెంబరు 25 పబ్లిక్ సెలవు అయింది 1958లో.

మరి బాక్సింగ్ డే?

డిసెంబరు 26. ముష్టియుద్ధంతో సంబంధం లేదు. లండన్ అంగళ్లలో పని నేర్చుకునే కుర్రాళ్లు మట్టి డబ్బుల ముంత పెట్టుకుని ఖాతాదారుల దగ్గర పండగ మామూలు అడిగేవాళ్లు, క్రిస్మస్‌కి పగలగొట్టి పంచుకునేవాళ్లు. ఆ ముంతనే "బాక్స్" అన్నారు. తర్వాత నౌకర్లకి, పోస్ట్‌మ్యాన్‌కి ఇచ్చే డబ్బుకీ ఆ పేరే అంటుకుంది. 1871 చట్టంతో ఇంగ్లండులో సెలవు కూడా అయింది.

మన దేశంలో బ్రిటిష్ దొరల కాలంలో ఇది తలకిందులైంది. క్రిస్మస్‌కి, జనవరి 1కి కింది ఉద్యోగులు, కాంట్రాక్టర్లే దొర బంగళాకి పళ్ల బుట్టలు మోసుకెళ్లేవాళ్లు. ఉత్తరాదిన వాటిని డాలీ అనేవారు. మద్రాసు వైపు పూలదండ, నిమ్మకాయ పట్టుకెళ్లి దర్శనం చేసుకునేవాళ్లు. బుట్ట అడుగున పళ్లే ఉండేవని గ్యారంటీ లేదు.

పిల్లలకి కానుకలు ఇవ్వడం ఎప్పుడు ప్రధానమైంది?

ఇప్పుడు మనం చూస్తున్న రూపంలో, 19వ శతాబ్దం మొదట్లో. చోటు న్యూయార్క్.

అప్పటి న్యూయార్క్ వేగంగా పెరుగుతున్న ఊరు. చలికాలంలో రేవులో పని తగ్గి, కూలీలు ఖాళీగా ఉండేవాళ్లు. క్రిస్మస్, కొత్త సంవత్సరం రాత్రుళ్లు గుంపులు గుంపులుగా డబ్బాలు వాయించుకుంటూ ఊరి మీద పడేవాళ్లు. పెద్దింటివాళ్లకి అది భయం. అలాంటి పెద్దింటివాళ్లలో ఒకాయన, న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ స్థాపకుడు జాన్ పింటార్డ్, 1810 డిసెంబరు 6న సెయింట్ నికొలస్ పేరిట విందు పెట్టి, ఆయన బొమ్మ ముద్రించి పంచాడు. ఊరు ఒకప్పుడు డచ్చివాళ్లది కాబట్టి ఆయన్ని మన పాత తాతలా తెచ్చిపెట్టారు. 1823 డిసెంబరు 23న న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న ట్రాయ్ ఊరి పత్రికలో పేరు లేకుండా ఒక పద్యం వచ్చింది. క్రిస్మస్ ముందు రాత్రి, ఎనిమిది రెయిన్‌డీర్లు, పొగగొట్టం, మేజోళ్లు, నవ్వితే కదిలే బొజ్జ, అన్నీ అందులో ఉన్నాయి. 1863 నుంచి థామస్ నాస్ట్ అనే కార్టూనిస్టు బొమ్మలు గీసి, శాంతాక్లాజ్‌గా మారిన ఆ నికొలస్ తాతకి రూపం స్థిరపరిచాడు.

దీనితో ఏం మారిందో చూడండి. అప్పటిదాకా ఉన్నవాడు లేనివాడికి ఇవ్వాలి. గడప ఇవతల ఒకడు, అవతల ఒకడు. ఇప్పుడు గడప మూసి, ఆ ఇంట్లోనే ఉన్న చిన్నవాళ్లకి ఇస్తే చాలు. పేదవాడి స్థానంలోకి పిల్లాడు వచ్చాడు. పిల్లాడు బెదిరించడు, తాగి గోల చెయ్యడు, పైగా ముద్దొస్తాడు. నా దృష్టిలో ఈ రెండువేల ఏళ్ల కథలో పెద్ద మలుపు ఇదే. దానం కోసం వేరే డబ్బాలు, చందా పుస్తకాలు వచ్చాయి.

శాంతాక్లాజ్‌కి ఎర్రకోటు కోకాకోలా కంపెనీ వేసిందా?

లేదు. ఆ కంపెనీ ప్రసిద్ధ ప్రకటనలు హాడన్ సండ్‌బ్లోమ్ అనే చిత్రకారుడితో 1931లో మొదలయ్యాయి. అంతకు ముందు నుంచే ఎర్రకోటు తాతలు పత్రికల్లో ఉన్నారు. ప్రపంచమంతా ఒకే మొహాన్ని గుర్తుపట్టేలా చేసిన ఘనత మాత్రం కంపెనీకి ఇవ్వొచ్చు.

ఇంత షాపింగ్ ఎప్పుడు మొదలైంది?

పిల్లలకి ఇవ్వడం మొదలైన వెంటనే. ఇంట్లో చేసిన బొమ్మ కన్నా కొట్లో కొన్నదానికి విలువ పెరిగింది. న్యూయార్క్‌లో మేసీస్ దుకాణం 1867లో క్రిస్మస్ ముందు రాత్రి 12 గంటల దాకా తెరిచి ఉంచారు. రంగు కాగితం చుట్టడం ఇంకా కొత్తది. 1917లో కాన్సాస్ సిటీలో హాల్ సోదరుల కొట్లో మామూలు పల్చటి కాగితం అయిపోతే, కవర్ల లోపల అంటించే ఫ్రెంచి రంగు కాగితాలు అమ్మారు. జనం ఎగబడ్డారు. ఆ కంపెనీయే ఇప్పటి హాల్‌మార్క్. ధర చీటీ పీకేసి రంగు కాగితం చుడితే అంగడి సరుకు కానుక అయిపోతుంది. పది సెంట్ల కాగితం చేసే పని అది.

1939లో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగని వారం ముందుకి జరిపాడు. క్రిస్మస్ అమ్మకాలు ఆ పండగ అయ్యాకే ఊపందుకుంటాయి, వ్యాపారులకి ఆ రోజులు ఎక్కువ కావాలట. కొన్ని రాష్ట్రాలు ఒప్పుకోలేదు, ఏడాదికి రెండు థాంక్స్‌గివింగులు జరిగాయి. 1941లో చట్టం చేసి గొడవ తీర్చారు.

దీన్ని ఎవరూ ఎదిరించలేదా?

ఎదిరించారు. 1912లో న్యూయార్క్‌లో "పనికిరాని కానుకల నివారణ సంఘం" పెట్టారు. పేరు జోకులా ఉంది కానీ సమస్య నిజం. దుకాణాల్లో చాలీచాలని జీతాలకి పనిచేసే అమ్మాయిల దగ్గర చందాలు పోగుచేసి పై అధికారులకి క్రిస్మస్ గిఫ్టులు కొనే ఆచారం ఉండేది. ఇవ్వకపోతే ఉద్యోగానికి టెన్షన్. సంపన్నుల ఇళ్లకి చెందిన ఎలినార్ బెల్మాంట్, ఆన్ మోర్గన్ ఆ అమ్మాయిలతో కలిసి ఉద్యమం చేశారు. మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కూడా సభ్యుడిగా చేరాడు.

వస్తువుల బదులు డబ్బులిస్తే మంచిది కదా?

1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త సరిగ్గా ఇదే అన్నాడు. యేల్ యూనివర్సిటీ విద్యార్థుల్ని రెండు అడిగాడు: నీకొచ్చిన కానుకకి ఇచ్చినవాళ్లు ఎంత పెట్టి ఉంటారు? అభిమానం సంగతి పక్కన పెడితే నీ లెక్కలో దాని విలువెంత? రెండో అంకె చిన్నది. ఖర్చులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఆవిరైపోతోందని తేల్చాడు. దూరపు చుట్టాలు కొన్నవాటిలో నష్టం ఎక్కువ.

లెక్క తప్పని అనను. కానీ అభిమానాన్ని పక్కన పెట్టమని అడిగాక మిగిలేది వస్తువు ధరే. ఏ మేనత్తో సైజు చూసుకోకుండా కొన్న స్వెట్టర్ వేసుకోలేకపోవచ్చు, ఆమె మనల్ని తలుచుకుని బజారుకి వెళ్లిందన్నది ఆ రెండో అంకెలో ఎక్కడా లేదు. పని మనుషులకి, వాచ్‌మెన్‌కి మాత్రం డబ్బులే ఇవ్వండి. మీరు వాడి పక్కన పడేసిన మిక్సీ గిన్నెల సెట్టు వాళ్లకి అక్కర్లేదు.

క్రిస్మస్ లేనివాళ్లకి చలికాలపు కానుకలు లేవా?

ఉన్నాయి. యూదుల ఎనిమిది రోజుల పండగ హనుక్కా డిసెంబరు ప్రాంతంలో వస్తుంది. పిల్లల చేతిలో కాసులు పెట్టడం పాత ఆచారమే. ఎనిమిది రోజులూ గిఫ్టులనేది మాత్రం అమెరికాలో క్రిస్మస్ పక్కన బతకడం వల్ల పెరిగింది. నిజానికి వాళ్లకి కానుకల పండగ పూరిమ్, అది వసంతంలో వస్తుంది. సోవియట్ రష్యా మొదట క్రిస్మస్ చెట్టునే పనికిరాదంది. 1935 డిసెంబరు చివర్లో పార్టీ పత్రిక ప్రావ్దాలో పోస్తిషెవ్ అనే నాయకుడి ఉత్తరం వచ్చాక, ఆ చెట్టునే కొత్త సంవత్సరపు చెట్టుగా మార్చి పిల్లలకి తిరిగిచ్చారు. మంచు తాత కానుకలు అప్పటి నుంచి జనవరి 1కి. జపానులో ఏడాది చివర పై అధికారులకి, గురువులకి, డాక్టర్లకి నూనె, హామ్, బీరు లాంటివి ప్యాక్ చేసి పంపుతారు. ఇటలీలో జనవరి 5 రాత్రి బెఫానా అనే ముసలావిడ చీపురెక్కి వస్తుంది. అల్లరి పిల్లలకి బొగ్గు. ఇప్పుడు ఆ బొగ్గు కూడా చక్కెరతో చేసిందే.

అన్నిటిలోకి నాకు నచ్చింది ఐస్‌లాండ్. రెండో ప్రపంచ యుద్ధంలో దిగుమతుల మీద ఆంక్షలున్నా కాగితం దొరికేది, అందుకని పుస్తకాలు ఇచ్చుకున్నారు. 1944 నుంచి కొత్త పుస్తకాల క్యాటలాగ్ అచ్చు వేస్తున్నారు. ఇప్పటికీ అక్కడ ఏడాది పుస్తకాల్లో పెద్ద భాగం క్రిస్మస్ ముందే వెలువడుతుంది.

తెలుగు క్రైస్తవ ఇళ్లలో ఎలా ఉంటుంది?

ఇక్కడ కానుక అంటే ముందు కొత్త బట్టలు. ఇంటిల్లిపాదికీ కొనాలి. తర్వాత పాస్టర్ గారికి, అమ్మగారికి బట్టలు పెట్టాలి. అరిసెలు, జంతికలు, కేకు ఇరుగుపొరుగు హిందువుల, ముస్లింల ఇళ్లకి వెళ్తాయి. ఆ గిన్నెలు సంక్రాంతికో రంజాన్‌కో నిండుగా తిరిగొస్తాయి. సండే స్కూలు పిల్లలకి బహుమతులు ఇవ్వడం మిషనరీల కాలం నుంచి ఉంది. గుంటూరుకి 1842లో వచ్చిన అమెరికన్ లూథరన్ల లాంటి మిషన్లకి వాళ్ల దేశపు చర్చిల నుంచి బొమ్మలు, రంగుల కార్డులు పెట్టెల్లో వచ్చేవి. మేజోడు వేలాడదీయడం మాత్రం ఇక్కడ పెద్దగా పట్టుకోలేదు. డిసెంబరు రాత్రుళ్లు యువకులు స్టార్ పట్టుకుని ఇంటింటికీ కేరల్స్ పాడుతూ తిరగడం, ఇంటివాళ్లు టీ ఇచ్చి కానుక వెయ్యడం చూస్తే, ఇంగ్లండు పల్లెల్లో గడప దగ్గర జరిగిందానికి ఇది దగ్గర, బెదిరింపు తీసేస్తే.

ఈ మధ్య ప్రభుత్వాలు కూడా ఇచ్చేవాళ్ల వరసలో చేరాయి. తెలంగాణలో పేద క్రైస్తవ కుటుంబాలకి బట్టల ప్యాకెట్లు, ఆంధ్రలో చంద్రన్న క్రిస్మస్ కానుక పేరుతో సరుకుల సంచులు పంచారు. ఇచ్చేవాళ్ల పేరు సంచి మీదే ఉంటుంది. నికొలస్ పద్ధతికి ఇది పూర్తిగా వ్యతిరేకం.

సంక్రాంతికీ దీనికీ చుట్టరికం ఉందా?

లేదు. పంట ఇంటికొచ్చాక పంచుకోవడం రెండుచోట్లా ఉంది, అంతే. హరిదాసు అక్షయపాత్రలో బియ్యం, గుమ్మడికాయ దానం, కొత్త అల్లుడికి బట్టలు, భోగిపళ్లలో కలిపి పిల్లల తల మీద పోసే చిల్లర, ఇవన్నీ వాటికవే పుట్టాయి. నోముల్లో "ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం" అనుకోవడంలో ఇచ్చేవాళ్లు దాక్కోరు, పుచ్చుకున్నామని గట్టిగా చెప్పాలి కూడా. అక్కడ నికొలస్ మూట చెల్లదు.

ఆఫీసులో సీక్రెట్ శాంటా ఎక్కడిది? ఎలా చేస్తే బాగుంటుంది?

చీటీలు తీసి, పేరు చెప్పకుండా, ఆటపట్టించే పద్యంతో కానుక ఇవ్వడం డచ్చివాళ్ల ఇళ్లలో నికొలస్ సాయంత్రం ఇప్పటికీ చేస్తారు. స్వీడన్‌లో తలుపు తట్టి, కానుక లోపలికి విసిరి పారిపోయేవాళ్లు. ఆఫీసు ఆట వీటి దారిలోదే.

బడ్జెట్ ముందే తేల్చండి, కొత్తగా చేరిన కుర్రాడి జీతాన్ని దృష్టిలో పెట్టుకుని. ఇష్టం లేనివాళ్లని చీటీ తియ్యమని బలవంతపెట్టొద్దు. మేనేజర్ కూడా అందరిలో ఒకరిగా చీటీ తీస్తే పర్వాలేదు. ఆయనకి విడిగా గిఫ్టు కొందామని గ్రూపులో ఎవరైనా చందా లింకు పెడితే, 1912 నాటి ఆ సంఘం కథ కింద కామెంటుగా పెట్టేయండి.